మేనరికం పెళ్ళికి బిషప్ గారి అనుమతి, 1215 నాటి లాటరన్ సభ: అసలేంటి సంబంధం?

కృష్ణాతీరం · ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. మా చెల్లికి మేనత్త కొడుకుతో పెళ్ళి ఖాయమైంది. చిన్నప్పటి నుంచి అనుకుంటున్నదే, ఇద్దరికీ ఇష్టమే. మేం కతోలికులం. ఈ మాట చెప్పడానికి అమ్మానాన్న విచారణ గురువు (మా చర్చి ఫాదర్) దగ్గరికి వెళ్తే ఆయన ఒక తెల్లకాగితం తీసి చెట్టులా గీశారట. పైన మా తాతయ్య, నాయనమ్మ. ఒక కొమ్మకి నాన్న, ఇంకో కొమ్మకి అత్త. కింద చెల్లి, బావ. "రక్తసంబంధం ఉంది కదా, బిషప్ గారి అనుమతి కావాలి. అర్జీ పెడదాం" అన్నారు.

అమ్మకి అప్పటినుంచి ఒకటే టెన్షన్. నాన్న మాత్రం "మా తాతల నాటి నుంచి మేనరికాలే కదా ఫాదర్" అన్నారట. దానికి ఆయన నవ్వి, "ఇప్పుడు చాలా నయమండీ. 1215కి ముందైతే ఏడు తరాలు చూడాలి. లాటరన్ సభలో నాలుగుకి తగ్గించారు" అన్నారట.

ఏమిటీ సభ? ఏడు ఎందుకు, నాలుగు ఎందుకు? నెట్‌లో చూస్తే అన్నీ వేదాంతం మాటలే, నాకు ఎక్కలేదు. తెలిసినవాళ్ళు మామూలు భాషలో చెప్పండి.

గోంగూరపచ్చడి · ఆదివారం రాత్రి

ముందు శుభాకాంక్షలు. పప్పన్నం ఎప్పుడు? చరిత్ర సంగతి మాస్టారు వచ్చి చెప్తారు, నేను కుర్చీ వేసుకుని కూర్చున్నా.

పాతకాగితం · సోమవారం ఉదయం

వచ్చాను. ఫాదర్ చెప్పింది నిజమేనమ్మా.

దాన్ని నాలుగో లాటరన్ సభ అంటారు. లాటరన్ అంటే రోమ్‌లో పోపుగారి సొంత కేథడ్రల్ ఉన్న చోటు. వాటికన్ అనుకుంటారు చాలామంది, కాదు. ఆ రోజుల్లో పోపుల నివాసం లాటరన్ భవనమే. అక్కడ 1123, 1139, 1179లో మూడు మహాసభలు అయ్యాయి, ఇది నాలుగోది. మూడో ఇన్నోసెంట్ పోపు 1213 ఏప్రిల్లో ఆహ్వాన లేఖలు పంపారు, సభ జరిగింది 1215 నవంబరులో. అంటే రెండున్నరేళ్ళ ముందు నోటీసు! గుర్రాల మీద, ఓడల మీద రావాలి మరి. పైగా వచ్చేలోపు ఎవరి ప్రాంతంలో ఏం చక్కదిద్దాలో విచారించి రాసి తెమ్మన్నారు.

400 మందికి పైగా బిషప్పులు, 800 మందికి పైగా మఠాధిపతులు వచ్చారు. వాళ్ళు కాక రాజుల దూతలు. అంతమంది కలిసి నిండుగా కూర్చున్నది మూడే రోజులు: నవంబరు 11, 20, 30. బయటికి వచ్చిన శాసనాలు 71. మూడు రోజుల్లో అన్నీ చర్చించి రాశారంటే ఎవరూ నమ్మరు. పోపుగారి ఆస్థానం ముందే రాసి పెట్టుకుంది, సభలో చదివి వినిపించారు. మన అసెంబ్లీలో ఆఖరి రోజు మధ్యాహ్నం బిల్లులు పాసవుతాయే, అలా అనుకోండి. రెండో రోజైతే జర్మనీ సింహాసనం ఫ్రెడరిక్‌దా, ఒట్టోదా అని కేకలు కూడా అయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లో మన ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్నాడు, కాలం అంచనాకి చెప్తున్నా.

ఇక మీ చెల్లి సంగతి. అది 50వ శాసనం. చర్చి లెక్క ఇలా ఉండేది: ఉమ్మడి పూర్వీకుల నుంచి కిందికి ఎన్ని మెట్లో అన్ని తరాలు. అన్నాచెల్లెళ్ళు ఒకటో తరం. వాళ్ళ పిల్లలు రెండు. మనవలు మూడు. మునిమనవలు నాలుగు. 1215కి ముందు ఈ లెక్కలో ఏడో మెట్టు దాకా పెళ్ళి కుదరదు. ఆ సభ నాలుగో మెట్టు దగ్గర గీత గీసింది.

కృష్ణాతీరం · సోమవారం ఉదయం

మాస్టారూ, మా నాన్నకి ఆయన ముత్తాత పేరే తెలీదు. ఏడు తరాలు ఎవరికి గుర్తుంటాయి?

పాతకాగితం · సోమవారం మధ్యాహ్నం

అదే అసలు గొడవ. పల్లెటూళ్ళో ఏడు మెట్లు పైకెక్కితే ఊరంతా చుట్టాలే. పెళ్ళికూతురు ఎక్కడ దొరుకుతుంది? అసలు పాత రోమన్ లెక్కలో ఒకవైపు పైకెక్కి ఇంకోవైపు దిగుతూ మెట్లన్నీ కలిపి లెక్కపెట్టేవాళ్ళు. అందులో ఏడు అంటే అంత దూరం కాదు. 11వ శతాబ్దంలో చర్చి ఒకవైపు మెట్లే లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఏడు అంకెని మాత్రం అలాగే ఉంచింది. నిషేధం దాదాపు రెట్టింపయింది.

పేదవాడికి ఆ చుట్టరికం తెలీదు, పెళ్ళి చేసుకుని కాపురం చేసుకుంటాడు. పెద్దింటివాళ్ళకి మాత్రం అది దొడ్డిదారి అయింది. కతోలిక చర్చిలో విడాకులు లేవు. కానీ "అయ్యో, మేం ఇద్దరం నాలుగో తరం చుట్టాలమట, ఇప్పుడే తెలిసింది" అంటే అసలు పెళ్ళే చెల్లదు. ఫ్రాన్స్ రాజు ఏడో లూయీ, ఆయన రాణి అక్విటేన్ ఎలియనోర్ 1152లో సరిగ్గా ఇలాగే విడిపోయారు. పదిహేనేళ్ళ కాపురం, ఇద్దరు ఆడపిల్లలు. తర్వాత కొన్ని వారాలకే ఆవిడ ఇంగ్లండ్‌కి రాజు కాబోతున్న హెన్రీని చేసుకుంది. అతనూ దగ్గరి చుట్టమే! ఆ మాట అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

లూయీ కొడుకు ఫిలిప్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1193లో డెన్మార్క్ రాజకుమారి ఇంగెబోర్గ్‌ని పెళ్ళాడి మర్నాడే వద్దన్నాడు. కారణం మళ్ళీ చుట్టరికం. ఇన్నోసెంట్ ఒప్పుకోలేదు, 1200లో ఫ్రాన్స్ మొత్తం మీద పూజలు ఆపేశాడు. ఆవిణ్ణి తిరిగి భార్యగా ఒప్పుకున్నది 1213లో. సభకి రెండేళ్ళ ముందు. కాబట్టి ఈ లెక్కల తలనొప్పి పోపుగారికి బాగా తెలుసు.

ఆ శాసనం మొదటి మాట నాకు చాలా ఇష్టం. కాలం మారితే మనుషులు పెట్టుకున్న చట్టాలూ మారతాయి, దాన్ని తప్పు పట్టకూడదు అని మొదలవుతుంది. దూరపు తరాల దాకా ఈ నిషేధాన్ని పాటించడం పెద్ద ఇబ్బంది లేకుండా కుదరడం లేదని కూడా ఒప్పుకుంది. మరి నాలుగే ఎందుకు? శరీరంలో ద్రవాలు నాలుగు, అవి పంచభూతాల్లాంటి నాలుగు మూలకాల నుంచి వచ్చాయి కాబట్టి నాలుగు అట. మనం వాత పిత్త కఫాలని మూడు అంటాం, ఇక్కడ సభ పెట్టి ఉంటే మూడు తరాలతో సరిపెట్టేవాళ్ళేమో.

అడ్వకేట్_తమ్ముడు · సోమవారం సాయంత్రం

పోలికకి ఒకటి. మన హిందూ వివాహ చట్టం 1955లో సపిండ (దగ్గరి రక్తసంబంధం) నిషేధం తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు. కానీ ఆచారం ఒప్పుకుంటే మినహాయింపు. మన మేనరికాలు బతికింది ఆ ఒక్క మాట మీదే. చర్చిలో "ఆచారం" బదులు బిషప్ గారి అనుమతి, అంతే తేడా.

కృష్ణాతీరం అక్కా, ఇప్పటి సంగతి కూడా చెప్తా. 1917 చర్చి చట్టంలో నాలుగుని మూడు చేశారు. 1983 చట్టంలో తోబుట్టువుల పిల్లల దాకే నిషేధం. అది కూడా బిషప్ గారు సడలించగలరు. ఎప్పటికీ సడలించనిది తోబుట్టువుల మధ్య, తల్లిదండ్రులు పిల్లల వరసలోను. అమ్మగారిని టెన్షన్ పడొద్దని చెప్పండి.

నాస్తికహేతువు · సోమవారం రాత్రి

అందరూ ముచ్చటగా చెప్తున్నారు. నాకు ఒకటే కనిపిస్తోంది. ముందు నిషేధం పెట్టు, తర్వాత అనుమతి అమ్ము. దగ్గరి పెళ్ళిళ్ళు ఆపేస్తే వారసులు తగ్గుతారు, ఆస్తి చర్చికి పోతుంది అని వాదించిన పండితులు ఉన్నారు. దానికేమంటారు?

పాతకాగితం · సోమవారం రాత్రి

ఉన్నారు, వాళ్ళకి గట్టిగా బదులిచ్చిన పండితులూ ఉన్నారు. నా మట్టుకు అడిగేది ఒకటే. ఆస్తి కోసమే అయితే 1215లో నిషేధం పెంచాలి కదా, ఏడు నుంచి నాలుగుకి ఎందుకు తగ్గించారు?

విచారణబిడ్డ · సోమవారం రాత్రి

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి 66వ శాసనం. సమాధికి, పెళ్ళికి గురువులు డబ్బు గుంజడం తప్పని గట్టిగా రాశారు. కానీ వెంటనే ఇంకో మాట: జనం భక్తితో ఇచ్చే మంచి ఆచారాన్ని ఎగ్గొట్టకూడదు! అడగొద్దు, కానీ ఇస్తే మానొద్దు. ఎనిమిది వందల ఏళ్ళయినా ఈ రెండు వాక్యాల మధ్యే మనం నలుగుతున్నాం.

పక్కనే 51వది, పెళ్ళి ప్రకటనలు. అంతకుముందు కొన్నిచోట్ల ఉన్న అలవాటునే క్రైస్తవ లోకమంతటికీ పెట్టారు. పెళ్ళి ఫలానా వాళ్ళకి అని గుడిలో ముందే చాటాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు గడువులోపు చెప్పాలి. గురువు కూడా సొంతంగా వాకబు చెయ్యాలి. ఎందుకంటే అప్పట్లో అబ్బాయి, అమ్మాయి ఒకరికొకరు "నిన్ను చేసుకున్నాను" అనుకుంటే చాలు, పెళ్ళి అయిపోయినట్టే. సాక్షి అక్కర్లేదు, గురువు అక్కర్లేదు. తర్వాత అబ్బాయి "నేనెప్పుడన్నాను?" అంటే అమ్మాయి గతేంటి? సభ అలాంటి రహస్య పెళ్ళిళ్ళని నిషేధించింది గానీ చెల్లవని మాత్రం అనలేదు. గురువు, సాక్షులు లేకపోతే చెల్లదు అన్నది 1563లో, ట్రెంట్ సభలో.

మా ఊళ్ళో ఇప్పటికీ మూడు ఆదివారాలు చదువుతారు. మా అక్కకి చదివినప్పుడు మా ఉపదేశి (గుడిలో ఫాదర్‌కి సాయంగా ఉండే పెద్దాయన) తాత కళ్ళజోడు మర్చిపోయి వచ్చాడు. కాగితం చేతికి దూరంగా పెట్టుకుని పెళ్ళికొడుకు పేరు చోట వాళ్ళ నాన్న పేరు చదివేశాడు. గుడంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆడవాళ్ళ వైపు చాప మీద నుంచి మా పెద్దమ్మ "నాకు అభ్యంతరం ఉంది" అని లేచి నిలబడింది.

గోంగూరపచ్చడి · సోమవారం రాత్రి

పెద్దమ్మకి దండం 🙏 51వ శాసనం పనిచేసింది.

అడ్వకేట్_తమ్ముడు · మంగళవారం ఉదయం

పెళ్ళి ఒక్కటే పట్టుకుంటే ఎలా? లా చదివేవాళ్ళకి ఈ సభ అంటే 18వ శాసనం.

అప్పటి యూరప్‌లో సాక్ష్యం దొరకని కేసుల్లో దైవపరీక్ష పెట్టేవాళ్ళు. ముద్దాయి ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీ పట్టుకుని కొన్ని అడుగులు నడవాలి. చేతికి కట్టు కట్టి సీలు వేసి, మూడో రోజు విప్పి చూస్తారు. పుండు శుభ్రంగా మానుతుంటే నిర్దోషి, చీము పడితే దోషి. ఇంకోటి చన్నీళ్ళ పరీక్ష. కట్టేసి నీళ్ళలో దించుతారు. మునిగితే నిర్దోషి, తేలితే దోషి. పవిత్ర జలం పాపిని తనలోకి తీసుకోదట.

ఆ "పవిత్ర" దగ్గరే ఉంది కీలకం. నీళ్ళని, ఇనుముని గురువు మంత్రించి దీవించాలి. ఆ దీవెన ఇక ఇవ్వొద్దని సభ అంది. మరణశిక్ష రాసే పని, రక్తం చిందే పని కూడా గురువులు ముట్టుకోకూడదంది. దైవపరీక్షని రాజులు రద్దు చెయ్యలేదు. గురువు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, అది కూలిపోయింది.

ఇంగ్లండ్‌లో దీని ఫలితం చాలా స్పష్టంగా కనిపిస్తుంది. 1219 జనవరిలో బాలరాజు మూడో హెన్రీ ప్రభుత్వం ఊరూరా తిరిగే జడ్జీలకి లేఖ పంపింది. రోమ్ దైవపరీక్ష వద్దంది కాబట్టి పెద్ద నేరస్థుల్ని జైల్లో ఉంచండి, మధ్యరకం వాళ్ళని దేశం విడిచి పొమ్మనండి, చిన్నవాళ్ళని జామీను మీద వదలండి అని. మరి తీర్పు ఎవరివ్వాలి? దానికి జవాబు లేదు. ఆ ఖాళీలోకి ఊరి పెద్దమనుషులు పన్నెండు మంది వచ్చి కూర్చున్నారు. క్రిమినల్ కేసులో జ్యూరీ పుట్టింది అలా.

మన ధర్మశాస్త్రాల్లోనూ దివ్యాలు ఉన్నాయి: తుల, అగ్ని, జలం, విషం, కోశం. కాబట్టి వాళ్ళని చూసి నవ్వే హక్కు మనకి లేదు.

నాస్తికహేతువు · మంగళవారం ఉదయం

తమ్ముడూ, సగం కథ చెప్పావు. మిగతా యూరప్‌లో జ్యూరీ రాలేదు. అదే సభ 8వ శాసనంలో, ఫిర్యాదుదారు లేకపోయినా పై అధికారి తనంతట తాను విచారణ చెయ్యొచ్చంది. అది తప్పుచేసిన గురువుల కోసం పెట్టారు, ఒప్పుకుంటా. కానీ ఆ పద్ధతే పెరిగి పెద్దదై నేరం ఒప్పుకుంటేనే పూర్తి సాక్ష్యం అన్న చోటికి చేరింది. ఒప్పుకోనివాడిని ఒప్పించాలి కదా! 1252లో నాలుగో ఇన్నోసెంట్ పోపు మతద్రోహుల కేసుల్లో చిత్రహింసకి అనుమతి ఇచ్చాడు.

అడ్వకేట్_తమ్ముడు · మంగళవారం ఉదయం

కరెక్ట్ అన్నా. కాల్చిన కడ్డీ పోయిందని సంబరపడేలోపే అది వచ్చింది.

నర్సమ్మ_డల్లాస్ · మంగళవారం

నేను నర్సుని, నైట్ డ్యూటీ బ్రేక్‌లో చదువుతున్నా. డాక్టర్ల గురించి కూడా ఏదో ఉందని ఎక్కడో విన్నాను. నిజమేనా?

పాతకాగితం · మంగళవారం మధ్యాహ్నం

22వ శాసనం. రోగి మంచం దగ్గరికి పిలిస్తే డాక్టరు ముందు "గురువుని పిలిపించుకోండి" అని చెప్పాలి, తర్వాతే మందు. కారణం విడ్డూరంగా ఉన్నా లోపల మనుషుల మనసు తెలిసిన మాట ఒకటుంది. ఆఖరి ఘడియల్లో గురువుని పిలవమంటే రోగి "ఇక నా పని అయిపోయింది" అని బెంబేలెత్తిపోతాడు, ఆ దిగులే ప్రాణం తీస్తుంది. అదే ప్రతి జబ్బుకీ మొదట గురువే వస్తే భయం ఉండదు.

నర్సమ్మ_డల్లాస్ · మంగళవారం

ఇక్కడ ఐసీయూలో సరిగ్గా ఇదే చూస్తాను మాస్టారూ. చాప్లిన్ (ఆసుపత్రి ఫాదర్) తలుపు దగ్గర కనిపిస్తే చాలు, ఇంటివాళ్ళు ఏడుపు మొదలుపెడతారు. ఆయన పాపం "ఊరికే పలకరించడానికి వచ్చాను" అంటాడు, ఎవరూ నమ్మరు.

విచారణబిడ్డ · మంగళవారం రాత్రి

అసలైంది ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. 21వ శాసనం. నేను రెండేళ్ళు సెమినరీలో (గురువుల శిక్షణ కళాశాలలో) ఉండి బయటికొచ్చినవాణ్ణి, అక్కడ దీని మీద ఒక క్లాసంతా నడిచింది.

ఆడైనా మగైనా, తెలివి వచ్చిన వయసు నుంచి, ఏడాదికి ఒక్కసారైనా సొంత గురువు దగ్గర పాపాలన్నీ ఒంటరిగా చెప్పుకోవాలి. పాస్కా (ఈస్టర్) పండక్కైనా దివ్య సత్ప్రసాదం (పూజలో పంచే అప్పం) తీసుకోవాలి. తీసుకోకపోతే బతికున్నన్నాళ్ళు గుడిలోకి రానివ్వరు, చచ్చాక క్రైస్తవ సమాధి ఉండదు. ఈ శాసనాన్ని గుళ్ళలో తరచూ చదవాలి, తెలీదని ఎవడూ తప్పించుకోకూడదు.

ఇది రాజులకి, బిషప్పులకి పెట్టిన రూలు కాదు. పొలం దున్నుకునేవాడికి, పాలు పితికే ఆవిడకి పెట్టింది. సభ వేదాంతం ఏం చేసిందో ఆవిడకి తెలీదు. తపస్సు కాలం (పాస్కాకి ముందు నలభై రోజులు) వస్తే తన ఊరి గురువు ముందు ఒక్కతే మోకరించి నోరు తెరవాలని మాత్రం తెలుసు. ఏడాదంతా చేసినవి గుర్తుపెట్టుకోవాలి. తనలోకి తను చూసుకోవడం అనేది ఊళ్ళో ప్రతి మనిషికీ పనిగా మారింది. నా దృష్టిలో ఆ సభ చేసిన అన్నిటికన్నా పెద్ద పని ఇదే, మిగతా 70 దీని చుట్టూ తిరిగేవే.

మరి గురువుకి? ఆయన డాక్టరులాగా ఉండాలట. గాయం మీద ద్రాక్షారసం, నూనె పోసేవాడిలాగా. ఎలాంటి పరిస్థితిలో పాపం చేశాడో నిదానంగా అడగాలి. విన్నది మాటతో గానీ సైగతో గానీ బయటపెట్టకూడదు. పెడితే పదవి పోవడమే కాదు, కఠినమైన మఠంలో బతికినంతకాలం ప్రాయశ్చిత్తం.

గోంగూరపచ్చడి · మంగళవారం రాత్రి

అంటే పాప సంకీర్తనం అనేదాన్ని 1215లో కనిపెట్టారా? జాలీ కిటికీ ఉన్న ఆ చెక్క గది అప్పటిదేనా?

పాతకాగితం · బుధవారం ఉదయం

రెండూ కాదు బాబూ. గురువు దగ్గర ఒంటరిగా చెప్పుకోవడం అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందు నుంచే ఉంది, ఐర్లండ్ సన్యాసులు ఏ పాపానికి ఎంత ప్రాయశ్చిత్తమో పట్టికలే రాసుకున్నారు. సభ చేసింది అందరికీ, ఏడాదికోసారి, తప్పనిసరి అనడం. చెక్క గది అయితే 16వ శతాబ్దం చివరిది, మిలాన్‌లో చార్లెస్ బొరోమియో కాలంలో వాడుకలోకి వచ్చింది. 1215లో గురువు గుడిలోనే అందరికీ కనబడేలా కూర్చుంటాడు. ఈయన పక్కన ఒకరు మోకరిస్తారు. వరసలో నిలబడ్డవాళ్ళకి మాట వినపడదు గానీ ఎవరు ఎంతసేపు ఉన్నారో తెలుస్తుంది. పల్లెలో అది చాలదూ?

అలాగే అప్పం, ద్రాక్షారసం క్రీస్తు శరీర రక్తాలుగా పదార్థం మారతాయన్న మాట మొదటి శాసనంలో ఉంది. ఆ నమ్మకం కూడా అప్పుడు పుట్టింది కాదు, ఆ మాటకి మహాసభ ముద్ర పడింది అప్పుడు.

గోంగూరపచ్చడి · బుధవారం ఉదయం

సరే సార్. కానీ ఆ గురువుల మీద కూడా ఏమైనా పెట్టారా, లేక మనకేనా రూల్స్?

పాతకాగితం · బుధవారం మధ్యాహ్నం

గురువుల మీద పెట్టినవే ఎక్కువ. చదువుతుంటే ఆ కాలం కళ్ళ ముందు కనిపిస్తుంది. ఎర్ర బట్టలు, ఆకుపచ్చ బట్టలు వద్దు. పొడుగు చేతులు, కుట్టుపని చేసిన బూట్లు, బంగారు పూత జీనులు వద్దు. పేకాట అప్పటికి యూరప్‌లో లేదు గానీ పాచికలు వద్దు, ఆడేచోట కూర్చుని చూడటం కూడా వద్దు. ప్రయాణంలో తప్ప తాగుడు ఇళ్ళకి పోవద్దు.

17వది చదివితే నవ్వాగదు. కొందరు గురువులు సగం రాత్రి దాకా విందులు, సొల్లు కబుర్లు. పొద్దున పిట్టలు కూసే వేళకి గానీ లేవరు, లేచి ఉదయ ప్రార్థన గబగబా మింగేస్తారు. ఏడాదికి నాలుగుసార్లు కూడా పూజ చెయ్యనివాళ్ళు ఉన్నారట. 19వ దాంట్లో కొందరు ఇంటి సామాను గుడిలో పడేస్తున్నారని, దేవుడి ఇల్లు మామూలు ఇల్లులా ఉందని వాపోయారు. శత్రువులు వస్తేనో, నిప్పంటుకుంటేనో తప్ప సామాను పెట్టొద్దన్నారు. 20వది, సత్ప్రసాదాన్ని, పవిత్ర తైలాన్ని తాళం వేసి ఉంచమంటుంది. జనం మంత్రతంత్రాలకి ఎత్తుకుపోతున్నారని భయం. తాళం వెయ్యని గురువుకి మూడు నెలలు సస్పెన్షన్.

27వది నాకు అన్నిటికన్నా సూటిగా అనిపిస్తుంది. పనికిరాని గురువులు బోలెడుమంది ఉండేకంటే మంచివాళ్ళు కొద్దిమంది ఉంటే చాలు అంటుంది. అందుకే కేథడ్రల్స్‌లో పేద విద్యార్థులకి ఉచితంగా చదువు చెప్పే మాస్టర్ని పెట్టమన్నారు. అంతకుముందు 1179లోనూ ఇదే చెప్పారు, ఎవరూ వినలేదు, మళ్ళీ చెప్పారు.

నాస్తికహేతువు · బుధవారం రాత్రి

పాచికలు, పచ్చ బట్టలు బాగానే ఉన్నాయి. 68వ శాసనం ఎప్పుడు చదువుతారు?

యూదులు, ముస్లింలు క్రైస్తవుల నుంచి తేడా తెలిసేలా బట్టలు వేసుకోవాలి. పాస్కాకి ముందు వచ్చే పవిత్ర వారం ఆఖరి మూడు రోజులు యూదులు బయటికి రాకూడదు. 69లో వాళ్ళకి ప్రభుత్వ ఉద్యోగాలు ఇవ్వకూడదు. కారణం ఏం రాశారో తెలుసా? బట్టల్లో తేడా లేక పొరపాటున ఒకరితో ఒకరు కలిసిపోతున్నారట. అంటే మామూలు మనుషుల్లా కలిసిపోయి బతుకుతున్నారని వాళ్ళే రాసి, దాన్ని ఆపారు. ఇంగ్లండ్‌లో మూడేళ్ళకే, 1218లో, యూదులు రొమ్ము మీద తెల్ల గుర్తు కుట్టుకోవాలన్న ఆజ్ఞ వచ్చింది. ఫ్రాన్స్‌లో తొమ్మిదో లూయీ 1269లో గుండ్రటి గుర్తు పెట్టించాడు. ఆయన తర్వాత సెయింట్ అయ్యాడు. 20వ శతాబ్దంలో పసుపు నక్షత్రం పెట్టినవాళ్ళకి ఆ ఊహ గాల్లోంచి రాలేదు.

3వది మతద్రోహుల మీద. దక్షిణ ఫ్రాన్స్‌లో చర్చి మతద్రోహులన్న కథార్లు అనే వర్గం మీద 1209 నుంచి యుద్ధం. ఈ సభలోనే తులూజ్ ప్రభువు ఆరో రేమండ్ భూములు లాక్కుని సిమోన్ ద మోంఫోర్ చేతిలో పెట్టారు.

విచారణబిడ్డ · బుధవారం రాత్రి

దీనికి నా దగ్గర సమర్థన లేదు అన్నా. సెమినరీ క్లాసులో 21 మీద గంట చెప్పారు, 68 మీద ఒక్క నిమిషం కూడా లేదు. నేనూ అడగలేదు.

పాతకాగితం · గురువారం ఉదయం

నేనూ మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. అదే చెయ్యి అదే నెలలో రాసినవి ఇవి. ఆఖరి శాసనం కొత్త క్రూసేడు (జెరూసలేం కోసం చేసే యుద్ధయాత్ర) గురించి. 1217 జూన్ 1కి అందరూ బయల్దేరాలి, దాని ఖర్చుకి మూడేళ్ళు గురువుల ఆదాయంలో ఇరవయ్యో వంతు, పోపు, కార్డినళ్ళు పదో వంతు. ఇన్నోసెంట్ అది చూడకుండానే 1216 జూలైలో పెరూజాలో చనిపోయారు.

గ్రీకు క్రైస్తవుల సంగతి కూడా ఒకటుంది. 1204లో క్రూసేడు సైన్యం కాన్‌స్టాంటినోపుల్‌ని దోచుకుంది కదా. 4వ శాసనం ఏమంటుందంటే, లాటిన్ గురువులు పూజ చేసిన బలిపీఠాన్ని గ్రీకులు మైలపడినట్టు కడుగుతున్నారట, అది మానుకోవాలట. మైల అంటే ఏంటో మన వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఎందుకు కడుగుతున్నారో మాత్రం సభ తనని తాను అడగలేదు.

అడ్వకేట్_తమ్ముడు · గురువారం

మరి ఇవన్నీ అమలయ్యాయా మాస్టారూ? మన దగ్గర చట్టం వేరు, అమలు వేరు.

పాతకాగితం · గురువారం రాత్రి

అక్కడా అంతే. ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీ బిషప్ రిచర్డ్ పూర్ రెండు మూడేళ్ళలోనే తన గురువులకి స్థానిక నియమావళి రాసిచ్చాడు. పాప సంకీర్తనం ఎలా వినాలో చెప్పే చేతి పుస్తకాలు వరదలా వచ్చాయి. 1234లో తొమ్మిదో గ్రెగొరీ పోపు తయారు చేయించిన చట్ట సంకలనంలో దాదాపు అన్ని శాసనాలూ చేరాయి. కాగితం మీద గెలుపే.

నేల మీద? ఫ్రాన్స్‌లో రూవాఁ ఆర్చిబిషప్ ఊద్ రిగో 1248 నుంచి ఇరవై ఏళ్ళు ఊరూరా తిరిగి రిజిస్టరు రాశాడు. అది తెరిస్తే ఫలానా ఊరి గురువు తాగుతాడు, ఫలానా వాడు పాచికలాడతాడు, ఇంకోడికి ఉంపుడుగత్తె ఉంది. పేజీ తర్వాత పేజీ ఇదే. సభ అయ్యి ముప్పై ఏళ్ళు దాటాక! ఇంకో డెబ్బై ఏళ్ళకి పిరనీస్ కొండల్లో మోంతయూ అనే ఊరు. అక్కడి గురువు పియెర్ క్లెర్గ్. ఊళ్ళో పాపాలు వినాల్సిన ఆయనకే బోలెడుమంది ప్రియురాళ్ళు, పైగా లోలోపల కథార్లతో పొత్తు. బిషప్ విచారణ రికార్డుల్లో అంతా ఉంది.

కానీ రిగో గుర్రమెక్కి వెళ్ళి అడిగాడు చూడండి, ఆ అడగడానికి చేతిలో ఒక కొలత ఉంది. అది 1215లో ఇచ్చిందే.

కృష్ణాతీరం · రెండు వారాల తర్వాత, ఆదివారం

అందరికీ థ్యాంక్స్. అనుమతి వచ్చింది! ఈ రోజు మొదటి ప్రకటన చదివారు. పేర్లన్నీ సరిగ్గానే చదివారు. ఎందుకైనా మంచిదని నాన్న నిన్న రాత్రే కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాల్లో రాసి ఇచ్చి వచ్చారు.

పూజ అయ్యాక నేను ఫాదర్ దగ్గరికి వెళ్ళి 50వ శాసనం, నాలుగు ద్రవాలు, ఎలియనోర్ రాణి అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, బావ వైపు తిరిగి "అన్నీ తెలుసుకున్నారుగా, 21 కూడా తెలిసే ఉంటుంది. పెళ్ళికి ముందు పాప సంకీర్తనం చేసుకోవాలి బాబూ. ఆఖరిసారి ఎప్పుడు చేశావు?" అని అడిగారు. బావ నా వంక ఒక చూపు చూశాడు. మూడు పాస్కాలు దాటాయట.

గోంగూరపచ్చడి · ఆదివారం

1215లో అయితే బావగారు గుడి గుమ్మం బయటే. శనివారం పొద్దున్నే పంపించండి, లైన్ తక్కువ ఉంటుంది. పప్పన్నం తేదీ ఇంకా చెప్పలేదు.